పదకొండు నిమిషాల పాఠకురాలు

2023 ఏప్రిల్ 30, ఆదివారం మధ్యాహ్నపు పట్టికలో దలెందా క్సంటీనీ పేరు ఎదురుగా ఉన్న సంఖ్య 214. దాని కింద, నెజీబ్ అనే పేరు ఎదురుగా, 187. మూడో వరుసకు వచ్చేసరికి సంఖ్య తొంభైకి పడిపోయింది కాబట్టి అక్కడినుంచి ఎవరెవరున్నారో ఈ కథకు అవసరం లేదు. దలెందాకూ అవసరం లేదు. ఆమె చూసింది ఆ రెండో వరుసనే. జనవరిలో ఆ వరుసలో ఆ పేరే లేదు.

పట్టిక 'ఆఖరి పుట' అనే పాఠకుల బృందానిది. ఫేస్‌బుక్‌లో నలభై ఒక్క వేల మంది ఉన్నారు. అక్కడ ఏం చదవాలో అడిగేవారు మూడు సంగతులు రాయాలి: ఈ మధ్య మెచ్చిన పుస్తకం, సగంలో వదిలేసిన పుస్తకం, రోజులో ఏ వేళ చదువుతారన్నది. జవాబిచ్చేవారు ఒక్క పుస్తకమే చెప్పాలి. అడిగినవారు దాన్ని పూర్తిచేస్తే తిరిగి వచ్చి, అదే చోట 'ముగించాను' అని రాసి, ఎవరు చెబితే చదివారో పేరు పెట్టాలి. అది ఆ పేరుకు ఒకటి కలుపుతుంది. మధ్యలో ఆపేస్తే ఏ పేజీలో ఆపారో చెప్పి 'వదిలేశాను' అని రాయాలి. అది మూడు తీసేస్తుంది. అక్టోబరులో మొదలైన లెక్క మే నెల ఆఖరి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ముగుస్తుంది. ఆ క్షణాన ఎవరు పైన ఉంటే వారిది 'వేసవి పన్నెండు' జాబితా.

ఆ జాబితాను దలెందా వరసగా మూడేళ్లు రాసింది. స్ఫాక్స్‌లో, రాజధాని ట్యూనిస్‌లో పుస్తకాల దుకాణాలవాళ్లు దాన్ని అచ్చేసి గుమ్మం పక్కన అంటించేవారు. కిందటి ఆగస్టులో షఫ్ఫార్ తీరంలో, గొడుగు నీడన ఎవరో తెలియని స్త్రీ ఒకామె ఆ జాబితాలోని ఐదో పుస్తకం చదువుతూ కనిపించింది. దలెందా ఇసుకలో ఆమె ముందు నుంచి మూడుసార్లు నడిచింది. ఆ సంవత్సరమంతటిలోనూ అంత సంతోషం ఆమెకు మరొకటి లేదు.

మిగతా రోజుల్లో ఆమె స్ఫాక్స్ పురపాలక కార్యాలయంలో మూడో కౌంటరు. జననాలు, మరణాలు, వివాహాలు. వయసు నలభై ఏడు, ఉద్యోగం పందొమ్మిదేళ్లది, అరబ్బీ సాహిత్యంలో పట్టా. సొంత ఇంట్లోనే కింది వాటాలో ఒంటరిగా ఉంటుంది. పైన తమ్ముడి సంసారం. ఊళ్లో ఆమెను ఎరుగనివారు తక్కువ, ఎందుకంటే ఆమె ముద్ర లేకుండా ఎవరి బిడ్డా బడిలో చేరడు. అయితే వారికి ఆమె ముఖం కంటే గాజుపలక కింది ఆమె చేతులే బాగా తెలుసు. పాత దరఖాస్తు ఫారాల వెనకవైపు ఆమె పుస్తకాల చీటీలు రాసుకుంది: రెండు వేల మూడు వందల చీటీలు, పొడవు, వేగం, పాత్రల సంఖ్య, ముగింపు స్వభావం అనే నాలుగు తలకట్లతో. ఎవరు ఏమడిగినా పది నిమిషాల్లో జవాబు వెళ్లాలన్నది ఆమె నియమం.

నెజీబ్‌కు ఏ నియమమూ ఉన్నట్టు లేదు. గాబెస్‌లో ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పేరు పక్కన ముఖానికి బదులు విప్పేసిన కంప్రెసర్ ఫోటో. పరిచయంలో తానే రాసుకున్నాడు: గ్యాస్ నింపాక గంటసేపు ఆ ఇంట్లోనే కూర్చుని చూడాలి, ఆ గంటలో అక్కడ ఏ పుస్తకం ఉంటే అది చదువుతాను, మిగిలింది అడిగి తెచ్చుకుంటాను అని.

మార్చిలో కైరవాన్ నుంచి ఒక రొట్టెల బట్టీ యజమాని అడిగాడు. తెల్లవారుజామున పిండి పొంగే వేళ చదువుతాననీ, పాత్రల పేర్లు ఎక్కువైతే వదిలేస్తాననీ రాశాడు. దలెందా తొమ్మిదో నిమిషంలో, కారణాలతో సహా, ఒక నవల చెప్పింది. గంట తరువాత నెజీబ్ వచ్చి ఒక ప్రశ్న వేశాడు.

"పిండి పొంగేటప్పుడు మీరు కూర్చుంటారా, నిలబడతారా?"

"నిలబడే ఉంటాను ఖూయా," అని తమ్ముణ్ణి పిలిచినట్టు రాశాడు బట్టీ యజమాని. "కూర్చుంటే నిద్రపోతాను, రొట్టె మాడిపోతుంది."

"అయితే ఒంటి చేత్తో పట్టుకునేది కావాలి. ఇది తీసుకోండి. చిన్నది, తేలిక. తొమ్మిదో అధ్యాయం వదిలేయండి, నేనూ వదిలేశాను. అందులో రచయితకే నిద్ర వచ్చింది."

బట్టీ యజమాని పన్నెండు రోజుల్లో ముగించాడు. ముగించి, ఎనభై మాటలు రాశాడు.

ఆ రోజు దలెందా ఫోను గాజుపలక కింద బోర్లా పెట్టి పక్క కౌంటరు వైపు తిరిగింది.

"నిలబడటానికీ సాహిత్యానికీ ఏమిటే సంబంధం?"

రెండో కౌంటరులో మొంజియా ఉంటుంది. వివాహ ధ్రువపత్రాలు ఆమెవి. పదిహేనేళ్ల స్నేహం వారిది. "మళ్లీ ఆ ఫ్రిజ్‌ల వాడేనా?" అంది, పొద్దుతిరుగుడు గింజ ఒకటి కొరుకుతూ.

"నేను వాణ్ణి చూడటం లేదు."

"చూడకుండానే ఇందాక ఆ పెద్దాయనకి చావు కాగితాల ముద్ర కొట్టావు. పాపం, బతికే ఉన్నాడే! దండం పెట్టి వెళ్లాడు."

"మార్చి ఇచ్చాగా."

"ఇచ్చావులే. ఇంటికెళ్లి పెళ్లాంతో ఏమంటాడో. అసూయపడితే పడు, దానికి మేమెందుకు చావాలి?"

"అసూయా? అధ్యాయాలు వదిలేయమని చెప్పేవాడి మీదా?" అంది దలెందా. ఆ మాట పూర్తికాక ముందే ఆమె చేయి ఫోనును వెల్లకిలా తిప్పింది.

మే మొదటి వారంలో ఆమె పని పద్ధతిగా మొదలుపెట్టింది. నెజీబ్ అప్పటిదాకా చెప్పిన పుస్తకాలన్నిటినీ వరసగా ఒక కాగితం మీదకు ఎక్కించింది. తన సలహాలనే అతడు తిప్పి చెబుతున్నాడని నిరూపించాలని ఆమె ఉద్దేశం. నాలుగు తేలాయి. నూట తొంభైలో నాలుగు దొంగతనం కాదు. ఆమె కాగితాన్ని మడవబోయి, ఊరికే, అతడి పాఠకులు 'ముగించాను' అన్నాక ఏమేం రాశారో కూడా లెక్కకట్టింది. సగటున అరవై ఒక్క మాటలు. వారు తమ వంటిళ్ల గురించి రాశారు, అత్తల గురించి రాశారు, ఏ పేజీ దగ్గర పొయ్యి మీద పాలు పొంగిపోయాయో రాశారు. అదే చేత్తో ఆమె తన లెక్కా చూసుకుంది. తన రెండు వందల పైచిలుకు పాఠకులకు సగటు ఆరు. 'ముగించాను, ధన్యవాదాలు, దలెందా చెప్పారు.' అంతే. ఆఫీసులో కాగితం అందుకున్నవారు ఏమంటారో అదే.

పట్టికలో వెనకబడితే తట్టుకోవచ్చునేమో. ఈ రెండు సంఖ్యలను మాత్రం ఆమె తట్టుకోలేక మళ్లీ మళ్లీ కూడి చూసింది. చేపల పులుసు మర్కా పెట్టిన గిన్నెతో పై వాటా నుంచి మరదలు దిగి వచ్చి, "ఒంట్లో బాగాలేదా లెల్లా?" అని ఎప్పటిలా మర్యాదగా పిలిచి అడిగేదాకా ఆమె ఆ కాగితం ముందే ఉంది.

మే 7న తేడా ఇరవై. మరుసటి రోజు దలెందా ఒక మనిషిని పుట్టించింది.

ఆ మనిషికి సాల్హా అని పేరు పెట్టింది. కొత్త ఖాతా, గులాబీ పువ్వు ఫోటో. సాల్హా ప్రశ్న అడుగుతుంది, నెజీబ్ తప్పక జవాబిస్తాడు, ఆ పుస్తకాన్ని సాల్హా నలభయ్యో పేజీలో వదిలేస్తుంది. మూడు పోతాయి. ఏ పుస్తకమూ అతకని మూడు సమాధానాలు కావాలి కనుక దలెందా రెండు సాయంత్రాలు కూర్చుని, ప్రతి సమాధానంతో ఒక తలుపు మూస్తూ వచ్చింది.

మెచ్చిన పుస్తకం: 'ఈ మధ్య ఏదీ లేదు. మంచిదో కాదో చెప్పగలను, అంతే.' వదిలేసినది: 'అన్నీ, నలభయ్యో పేజీ దగ్గర.' చదివే వేళ: 'మనుషుల మధ్య. పదకొండు నిమిషాలకు మించి దొరకదు.' పదకొండు అన్నది ఎక్కడినుంచి వచ్చిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు. అది తన కౌంటరులో ఒక దరఖాస్తు రికార్డు గదికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం.

పద్నాలుగు మంది పద్నాలుగు పుస్తకాలు చెప్పారు. నెజీబ్ పుస్తకం చెప్పలేదు.

"లెల్లా సాల్హా, ఆ పదకొండు నిమిషాలకి ముందు ఏం జరుగుతుంది, తర్వాత ఏం జరుగుతుంది?"

దలెందా జాగ్రత్తగా రాసింది: "ముందు ఒకరొచ్చి ఏదో అడుగుతారు. తర్వాత ఇంకొకరు."

"మీకు చివరిసారి ఎవరైనా పుస్తకం ఇచ్చింది ఎప్పుడు?"

ఈ ప్రశ్న దగ్గర ఆమె ఒకరోజంతా ఆగిపోయింది. వల వేసినవారు వలలోని చేపకు జవాబు చెప్పవలసిన పని లేదు. అయినా కౌంటరులో, బస్సులో, కూరగాయలు తరుగుతూ ఆమె లెక్కపెట్టింది. తాను ఇచ్చినవి వందల్లో ఉన్నాయి. తనకు వచ్చినవి వెతికితే, పట్టా పుచ్చుకున్న ఏట గురువుగారు ఇచ్చిన నిఘంటువు దగ్గర ఆగాయి. చివరికి 'గుర్తు లేదు' అని రాసింది.

"సరే. ఇది దుకాణాల్లో దొరకదు," అన్నాడు నెజీబ్. "మొన్న ఫ్రిజ్ చూసిన ఇంట్లో ఒక ముసలావిడ ఇచ్చింది. మంగళవారం లువాజ్ నడిపే అమోర్ చేత పంపుతాను. స్ఫాక్స్ స్టాండులో పదకొండింటికి మీ పేరు చెప్పండి, ఇస్తాడు."

దుకాణంలో దొరకని పుస్తకాలు ఆ బృందంలో ఊరినుంచి ఊరికి అలాగే వెళ్తాయి: ఎనిమిది మంది నిండగానే కదిలే లువాజ్ అనే అద్దె బండ్లలో, డ్రైవరు సీటు కింద. ఈ సంగతి దలెందాకు తెలుసు. తన పథకంలో దాన్ని లెక్కవేయకపోవడమే ఆమె చేసిన పొరపాటు. సాల్హాకు ఖాతా ఉంది కానీ, స్టాండుకు నడిచి వెళ్లే కాళ్లు లేవు.

మంగళవారం ఆమె పంటి నొప్పని చెప్పి గంట సెలవు పెట్టింది. నల్ల కళ్లజోడు పెట్టుకుంది. గాబెస్ బండి వచ్చి ఆగింది. గళ్ల చొక్కా వేసుకున్న నడివయసు డ్రైవరు అమోర్ దిగి, పాత పత్రికలో చుట్టిన పొట్లం ఒకటి పైకెత్తి, స్టాండంతా వినబడేలా అరిచాడు.

"సాల్హా! గాబెస్ పుస్తకం! సాల్హా ఎవరండీ?"

ఆమె ముందుకు వెళ్లి చేయి చాచింది. అతడు పొట్లం ఇవ్వకుండా ఆ చేతినే చూశాడు.

"లెల్లా దలెందా! మూడో కౌంటరు! మా చిన్నదాని పుట్టుక కాగితం మీరే కదా ఇచ్చింది? చూపుడువేలికి ఈ సిరా మచ్చ ఇంకా పోలేదే!"

"సాల్హా మా పెద్దమ్మ కూతురు," అంది ఆమె. "తీసుకురమ్మంది."

"అలాగా! నా పెళ్లాం కాగితం కోసం నేనొస్తే మీరేమన్నారో గుర్తుందా? 'మనిషి స్వయంగా రావాలి' అన్నారు. ప్రసవమై పదో రోజు! ఆసుపత్రి నుంచి తీసుకొచ్చా."

"అది నియమం."

"మరి ఇక్కడ నాకూ ఒక నియమం ఉండొద్దా?" అతడు పగలబడి నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లూ నవ్వారు. "సరేలెండి, మనం మీలాంటివాళ్లం కాదు. ఇక్కడో సంతకం పెట్టండి. పంపినాయనకి చూపించాలి."

నోటుబుక్కు ముందుకు వచ్చింది. ఎండ, నవ్వు, వెనక హారన్లు. ఆ గొడవ మధ్య గీత గీసిన కాగితం ఒకటి కనబడగానే ఆమె చేయి పందొమ్మిదేళ్లుగా చేస్తున్న పని తానే చేసుకుపోయింది. దిద్దడానికి వీల్లేకుండా తేదీని అక్షరాలలో రాసింది: రెండు వేల ఇరవై మూడవ సంవత్సరం మే నెల పదహారవ దినము. దాని కింద పూర్తి సంతకం చేసింది: దలెందా క్సంటీనీ.

చేపల మార్కెట్టు దాటాక గాని ఆమెకు తెలివి రాలేదు. వెనక్కి పరుగెత్తింది. బండి నిండి వెళ్లిపోయింది.

నెజీబ్ ఆ సంతకం చూశాడో లేదో తెలియదు. ఆ వారమంతా సాల్హాకు అతడినుంచి చడీచప్పుడూ లేదు. ఇతరులకు మాత్రం ఎప్పటిలాగే జవాబులిస్తున్నాడు. మే 21 పట్టికలో 228, 226.

పుస్తకానికి అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. ఎక్కడో ఒక రైలుస్టేషనులో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదిని చూసుకున్న మనిషి ముప్పై ఏళ్లపాటు రాసుకున్న మాటలవి. ఒక్కో వస్తువుకు ఒకటిన్నర పేజీ. గొడుగు, కృత్రిమ దవడ, పంజరంలో చిలుక, ఒంటి బూటు. దలెందా దాన్ని తప్పులు పట్టడానికే కౌంటరుకు తీసుకెళ్లింది. పెన్సిలు కూడా పెట్టుకుంది. దరఖాస్తు ఒకటి రికార్డు గదికి వెళ్లింది, గొడుగు అయిపోయింది. మరొకటి వెళ్లింది, దవడ అయిపోయింది. దవడ కోసం ముగ్గురు వచ్చి, ముగ్గురూ నోట్లో పెట్టి చూసి, ముగ్గురూ తమదేనన్న చోట ఆమె గట్టిగా నవ్వేసింది.

కౌంటరు ముందున్న స్త్రీ ఉలిక్కిపడింది. మొంజియా మెడ చాచి చూసింది.

"ఏమిటే ఆ నవ్వు? ఎవరు పోయిన కాగితం చదివావు?"

"దగ్గు వచ్చింది."

"పందొమ్మిదేళ్లలో రాని దగ్గు!" అంది మొంజియా. "ఏదీ, ఇటు చూపించు."

"పని చూసుకో."

నలభయ్యో పేజీలో చిలుక ఉంది. ఆమె ఆ పేజీని ప్రత్యేకంగా గమనించింది, ఎందుకంటే అక్కడ ఆపాలని ముందే అనుకుంది. ఆపలేదు. చిలుక సొంతదారు పేరు పిలుస్తూనే ఉంది, ఆ పేరుగలవాడు రావడం లేదు. వాడు వస్తాడా లేదా అన్నది తెలియకుండా ఏ మనిషీ ఆపలేడు. పెన్సిలు గురువారం దాకా అలాగే ఉంది. ఒక్క గీత గీయలేదు. మే 25, గురువారం, ఒంటిగంటా పది నిమిషాలకు ఆఖరి పేజీ అయింది. అప్పుడు ఆమెకు కలిగినది ఆనందం అనుకుంటే పొరపాటు. ఆమెకు మంట పుట్టింది. ఫ్రిజ్‌లో గ్యాస్ నింపుతూ కూర్చున్న మనిషి, తాను పందొమ్మిదేళ్లుగా కూర్చున్న కుర్చీ ఎత్తును, దూరాన్నుంచి, రెండు ప్రశ్నలతో కొలిచేశాడు. రెండు వేల మూడు వందల చీటీల్లో ఈ పుస్తకం లేదు. తాను ఎవరినీ, ఎన్నడూ, అలా కొలవలేదు.

శనివారం సాయంత్రం ఇద్దరికీ 231.

సమానమైతే కిందటేడు జాబితా రాసినవారికే దక్కాలన్నది నియమం. కాబట్టి దలెందా ఇక ఏమీ చేయనక్కర్లేదు. 'వదిలేశాను' అని అబద్ధం రాయనక్కర్లేదు, 'ముగించాను' అని నిజం రాయనక్కర్లేదు. సాల్హా నోరు మూసుకుని ఉంటే చాలు, రేపు పన్నెండింటికి నాలుగో జాబితా తనది. ఆమె ఊపిరి పీల్చుకుని హరీసా కారం రాసిన రొట్టెముక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. అప్పుడు సాల్హాకు సందేశం వచ్చింది.

"లెల్లా సాల్హా, నలభయ్యో పేజీ దాటారా? పట్టిక కోసం కాదు, అక్కడ రాయకపోయినా నాకేం లేదు. పుస్తకం ఇచ్చిన ముసలావిడ రోజూ అడుగుతోంది, ఎవరికైనా నచ్చిందా అని. అన్నట్టు, అమోర్ నోటుబుక్కు చూపించాడు. మీ దస్తూరీ చాలా బాగుంది."

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది.

అతనికి తెలుసు. పదకొండు రోజులుగా తెలుసు. నలభై ఒక్క వేల మంది ముందు ఒక్క వాక్యం రాసి ఉంటే దలెందా పని అయిపోయేది, జాబితా అతడిదయ్యేది. రాయలేదు. పైగా 'నాకేం లేదు' అంటున్నాడు. తాను మూడు నెలలుగా నిద్ర పాడుచేసుకున్న దాన్ని అతడు అరచేతిలో పెట్టుకుని, కావాలంటే నువ్వే ఉంచుకో అంటున్నాడు. రేపు తనకు జాబితా దక్కితే, అది అతడు ఇచ్చినదవుతుంది. షఫ్ఫార్ తీరంలో ఎవరైనా దాన్ని చదువుతూ కనిపిస్తే, వారి ముందు నుంచి నడుస్తున్నప్పుడు తనకు గుర్తొచ్చేది ఈ మనిషే. ఓడిపోవడం ఆమె సహించగలదేమో. అతడి మంచితనం కింద గెలవడం మాత్రం ఆమె వల్ల కాదు.

ఆదివారం పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు, తన సొంత ఖాతా నుంచి, సాల్హా ప్రశ్న కింద ఆమె ఇలా రాసింది: "సాల్హా అనే మనిషి లేదు. ఈ మూడు సమాధానాలు రాసింది నేను. నెజీబ్ లెక్కలోంచి మూడు తీయించాలని రాశాను. పుస్తకం ముగించాను. చిలుక దగ్గర ఆపలేకపోయాను. దలెందా క్సంటీనీ, రెండు వేల ఇరవై మూడవ సంవత్సరం మే నెల ఇరవై ఎనిమిదవ దినము."

బృందాన్ని నడిపేది తౌహీదా అనే పదవీ విరమణ చేసిన పంతులమ్మ. బాజా పట్టణం ఆమెది. పన్నెండుకు రెండు నిమిషాల ముందు ఆమె తీర్పు చెప్పింది: దొంగ ఖాతా తీసేస్తున్నాం, చదివిన మనిషి నిజం, పేరు నిజం, కాబట్టి లెక్క చెల్లుతుంది. నెజీబ్‌కు 232, దలెందాకు 231.

ఆ తరువాత గంటసేపు దలెందా ఫోను గజగజలాడుతూనే ఉంది.

"మాకేమో ఇద్దరు సాక్షులు కావాలంటుంది, తనేమో సాక్షుల్లేకుండా మనిషినే పుట్టించింది!"

"లెల్లా, సాల్హా పుట్టిన కాగితం కావాలి, ఎన్ని రోజులు పడుతుంది?"

"ఇంతకీ ఆ చిలుక సంగతేమిటి? ఎవరైనా చెప్పండర్రా!"

నెజీబ్ ఒకే మాట రాశాడు: "ముసలావిడకి చెప్తాను." వెక్కిరింత లేదు, క్షమించానన్న మాట కూడా లేదు. ఏదో ఒకటి రాసి ఉంటే ఆమె తిరిగి ఏదో అనగలిగేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదని ఆమెకు ఒళ్లు మండింది.

తరువాతి వారం, జూన్ 1, గురువారం, నెజీబ్ 'వేసవి పన్నెండు' వచ్చింది. దలెందా దాన్ని కాగితం మీదకు దించుకుని, ఎర్ర సిరాతో కూర్చుంది. ఒక్కో పుస్తకం కింద ఎక్కడ కూర్చుని చదవాలో, ఏ అధ్యాయం దాటేయవచ్చో రాశాడు. ఎండ నెత్తికెక్కే వేళకు పనికొచ్చేది ఒకటి, పెళ్లివారింట్లో చాటుగా చదువుకునేది ఒకటి. నాలుగింటి కింద అదనంగా ఇంకో వాక్యం ఉంది: 'ఇది లెల్లా దలెందా ఎవరికో చెబుతుంటే విని చదివాను.' ఆమె తన మూడు జాబితాలూ బయటికి తీసింది. ముప్పై ఆరు పుస్తకాలు. తనకు ఫలానా పుస్తకం ఫలానావారు చెప్పారన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఎర్ర సిరాకు ఆ రోజు పని దొరకలేదు.

ఎనిమిదో పుస్తకం ఆమె చదవనిది. శనివారం బాబ్ దీవాన్ ద్వారం దగ్గరి పుస్తకాల దుకాణానికి వెళ్లింది. గుమ్మం పక్కన కొత్త జాబితా అప్పుడే అంటించి ఉంది, జిగురు తడి ఆరలేదు.

"అయిపోయిందండీ," అన్నాడు దుకాణదారు. "ఆఖరి ప్రతి నిన్ననే పోయింది. తీసుకెళ్లింది మీ ఆఫీసావిడే, మీ పక్క కౌంటరు."

సోమవారం ఉదయం మొంజియా పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉంది. గింజల పొట్లం విప్పనే లేదు. ఆమె కౌంటరు ముందు తొమ్మిది మంది నిలబడి ఉన్నారు.

"పదిహేనేళ్లుగా నేను చెబుతున్నా ఒక్కటి ముట్టుకున్నావా?" అంది దలెందా.

"నువ్వు చెబితే పరీక్షకి చదివినట్టుంటుందే. ఆయన, పెళ్లి కాగితాలు రాసేవాళ్లకి ఇది బాగుంటుందన్నాడు."

"నువ్వు ఆయన్ని అడిగావా?"

"అడిగా. కాసేపు మాట్లాడాడు కూడా. నీ గురించి కాదులే, కంగారుపడకు. మా ఫ్రిజ్ గురించి."

"ఎప్పుడిస్తావు?"

"అయ్యాక."

"ఎప్పుడవుతుంది?"

"అబ్బ, ఉండవే! ఇప్పుడే మామగారు గోడ దూకాడు."

తొమ్మిది మందీ కాసేపు చూసి, ఒక్కొక్కరే మూడో కౌంటరు వైపు జరిగారు. ఆ రోజు దలెందా తన పనితో పాటు మొంజియా పనీ చేసింది. ముద్ర వేసిన ప్రతిసారీ పక్కకు, మొంజియా ఏ పేజీలో ఉందో చూసింది. నూట పన్నెండు. నూట పద్దెనిమిది. ఒక్క అధ్యాయం కూడా దాటవేయకుండా చదువుతోంది. మధ్యాహ్నం తలుపులు వేసేసరికి మొంజియా నూట ఇరవై ఆరో పేజీలో ఉంది.